దేనితోనూ కలవని వాయువు

ఫోన్ ఎత్తగానే అవతలి నుంచి ఒక ఆడపిల్ల, "అమ్మా, ఈడ వాన దంచుతాండాది. నాన్నని రమ్మని చెప్పు" అంది.

"రాంగ్ నంబరమ్మా" అని డాక్టర్ శమంతకమణి ఫోన్ పెట్టేసింది. పాపం, ఎవరి పిల్లో వానలో ఇరుక్కుంది అనుకుంది కూడా.

కాసేపటికి అదే నంబరు నుంచి ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆ గొంతులో కోపం. "ఏందమ్మా నువ్వు! నేను కుముదని. స్కూల్ ఆఫీసు నుంచి చేస్తాండా."

శమంతకమణి ఫోన్ తెర మీది నంబరు మళ్ళీ చూసింది. కుముద ఆమె కూతురు. ఒక్కగానొక్క కూతురు. ఏడో తరగతి చదువుతోంది. "నువ్వా తల్లీ! లైను సరిగ్గా లేదు" అని సర్దుకుంది.

లైను బాగానే ఉంది. స్కూలు ఆయమ్మ ఎవరినో కసరడం, రేకుల మీద వాన పడే చప్పుడు, అన్నీ స్పష్టంగా వినిపించాయి. తెలియనిదల్లా ఆ గొంతే. భర్తకు ఫోన్ చేసి పిల్లను తీసుకురమ్మని చెప్పింది గానీ, ఆ తర్వాత చాలాసేపు ఎదురుగా ఉన్న తెర మీద ఏముందో ఆమెకు ఎక్కలేదు.

అనంతపురం దాటాక బెంగుళూరు రోడ్డు మీద ఉంటుంది ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం. ఆమె పశువుల డాక్టరు. ఆమెతో పాటు పనిచేసే ఖయ్యూం భౌతికశాస్త్రం చదివినవాడు. గొర్రె మెదడులో నెత్తురు ఎక్కడ ఎంత పారుతోందో సూది గుచ్చకుండా, కోత పెట్టకుండా చూడటం వాళ్ళు పెట్టుకున్న పని. అందుకు జెనాన్ అనే వాయువును వాడేవారు. అది దేనితోనూ కలవదు, దేన్నీ మార్చదు. జడవాయువు అని పేరు. ఖయ్యూం దాని మీద లేజర్ కాంతి ప్రసరింపజేసి, అయస్కాంతానికి కనిపించేలా తయారుచేసి ప్లాస్టిక్ సంచిలోకి పట్టేవాడు. గొర్రె దాన్ని పీల్చగానే అది ఊపిరితిత్తుల్లోంచి నెత్తురులోకి, నెత్తురుతో మెదడులోకి పోయేది. గొర్రె తలను పెద్ద అయస్కాంతపు సొరంగంలో ఉంచితే నెత్తురు ఎక్కువగా పారుతున్న చోటు తెర మీద వెలిగేది.

మగతగా పడుకున్న గొర్రెకు ఏ శబ్దమూ లేకపోతే మెదడంతా మసక మసగ్గా ఉండేది. దాని పిల్ల అరుపు రికార్డు చేసి వినిపిస్తే మాత్రం చెవి వెనకగా ఒక చోట భగ్గున వెలుగు. పరాయి పిల్ల అరుపుకి అంత వెలుగు రాదు. మొదటిసారి అది చూసిన రోజు ఖయ్యూం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇది నా పిల్ల అని గొర్రె మనకి చెప్తాండాది" అన్నాడు.

పక్షవాతం వచ్చి నోట మాట రాని మనుషులు లోపల వింటున్నారో లేదో దీంతో తెలుసుకోవచ్చు. ఆ రోగుల్లో ఖయ్యూం తల్లి కూడా ఉంది. ఏడాదిగా మంచంలోనే. కళ్ళు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకదు. మనుషుల మీద పరీక్షకు అనుమతి రాగానే గోడ మీది రోగుల పట్టీలో అతను మొదట రాసిన పేరు ఆమెదే. రోగుల కంటే ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద ఒకసారి చూడాలన్నారు. "నేను పడుకుంటా" అంది శమంతకమణి. ఎన్ని గొర్రెలకు ఇచ్చిన వాయువు! తనకేం భయం?

వినడానికి బాగా తెలిసిన గొంతు ఒకటి కావాలి. ఆమె ఫోన్లో కుముద పంపిన మాటలు ఉన్నాయి. "అమ్మా, పొద్దుగూకుతాండాది. ఇంకా గొర్రెల కాడే ఉండావా? ఉగ్గాని చల్లారిపాయ." సొరంగంలో పడుకుని, చెవుల్లోని రబ్బరు గొట్టాల గుండా అది విని ఆమె నవ్వింది. నవ్వితే తల కదులుతుందని ఖయ్యూం బయటి నుంచి గదమాయించాడు. తెర మీద ఆమె మెదడు దీపం పెట్టినట్టు వెలిగింది. ఆ సంతోషంలో కేంద్రమంతా మైసూరుపాకు పంచారు.

అదంతా వాన పడిన ఆ రోజు పొద్దున్నే జరిగింది.

వాన ఫోను వచ్చిన సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కుముద తడిసిన జుట్టు తుడుచుకుంటూ గడపలో కూర్చుని ఉంది. అదే ముఖం, అదే సన్నటి మెడ, ముక్కు మీద చిన్నప్పటి గాటు. శమంతకమణి ప్రాణం కుదుటపడింది. వెళ్ళి తువ్వాలు అందుకుని తల తుడవసాగింది.

"రాంగ్ నంబరంటావా నన్ను?" అంది కుముద.

శమంతకమణి చేతులు ఆగిపోయాయి. డబ్బింగ్ సినిమాలో తెలిసిన ముఖం పరాయి గొంతుతో మాట్లాడినట్టుంది. పెదవులు కుముదవి, మాట ఎవరిదో. ఇంకో రెండు మాటలు వినేసరికి ఆ ముఖం కూడా కాస్త పరాయిదైపోయింది. పిల్ల నోరు మూసుకుంటే మళ్ళీ కుముదే.

వంటింట్లోకి వెళ్ళి భర్తను అడిగింది. అతని పేరు ఓబులేసు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మేనమామ కొడుకే. "బావా, పాపకి గొంతేమన్నా మారిందా? జలుబు చేసిందా?"

"ఏం మారింది? ఎప్పుడూ అదే గదా" అన్నాడతను, ఉల్లిపాయలు తరుగుతూ.

బావ గొంతు బావదిలాగే ఉంది. పక్కింటి వాళ్ళ గొంతులూ మారలేదు. మరి ఈ ఒక్కటే ఎందుకిలా? పనిలో పడి అలసిపోయానేమో అనుకుంది. తనకే మెదడులో నరమేదైనా దెబ్బతిందేమో అనుకుంది. ఎదిగే పిల్ల కదా, గొంతు మారే ఉంటుంది, రోజూ వినే తండ్రికి తెలియడం లేదేమో అని కూడా అనుకుంది. రోజూ వినేది తను కూడానని వెంటనే గుర్తొచ్చింది.

మర్నాడు గొర్రెల కొట్టంలోకి వెళ్తే వాటిని చూసుకునే గంగులప్ప దిగాలుగా ఉన్నాడు. "చుక్క తన పిల్లని దగ్గిరికి రానీలేదు మేడమ్. తంతాండాది. మందుల వాసనేమో అని పిల్లని కడిగి చూసినా. అయినా అంతే."

చుక్క నుదుటన తెల్లటి మచ్చ ఉన్న గొర్రె. మొన్ననే దాన్నీ సొరంగంలో పడుకోబెట్టారు. ఇప్పుడు తాపీగా గడ్డి నములుతోంది. పిల్ల పొదుగు దగ్గరికి వస్తే కొమ్ముల్లేని తలతోనే ఒక్క పోటు పొడిచింది. పిల్ల అవతల పడి, లేచి, దడి వెనక్కి వెళ్ళి గొంతు చించుకుని అరిచింది. ఏ తల్లి గొర్రె అయినా ఆ అరుపుకు చెవులు నిక్కబొడుస్తుంది, తల తిప్పుతుంది, మారు పలుకుతుంది. చుక్క చెవి కూడా కదపలేదు. నమలడం ఆపలేదు.

శమంతకమణి దడి పట్టుకుని నిలబడిపోయింది. చుక్క చెవుల వైపే చూసింది. నిన్న తనూ ఇలాగే ఉంది. వానలో నుంచి పిల్ల అమ్మా అని పిలిస్తే తనూ ఇలాగే నములుతూ కూర్చుంది.

"ఇంకేవైనా ఇట్ల చేస్తాండాయా గంగులప్పా?"

"ఆ మూల ఉండేది గూడా మేడమ్. పొదుగు వాచిందేమో అనుకుంటిమి గదా."

పొదుగు వాచిందని రాసింది తనే. అదీ సొరంగంలోకి వెళ్ళొచ్చిన గొర్రే. అంతకు ముందు వెళ్ళినవాటి పిల్లలు అప్పటికే పాలు మానినవి, అందుకే ఎవరికీ తెలియలేదు.

ఖయ్యూం నమ్మలేదు. "అది జెనాన్ మేడమ్. దేంతోనూ కలవదు. పీల్చిన కాసేపటికి ఊపిరితో బయటికి పోతుంది. అది గొర్రెకి పిల్లని మరిపిస్తుందా?" అన్నాడు. ఆ మాటలంటూనే అతని చూపు గోడ మీది రోగుల పట్టీ వైపు పోయింది.

"నాకు నా కూతురి గొంతు తెలియడం లేదు సార్" అంది శమంతకమణి.

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

వాదించుకునే కంటే పరీక్షించడం మేలు. ఈనిన గొర్రెలను మూడు గుంపులు చేశారు. కొన్నిటికి వాయువు ఇచ్చి ఏమీ వినిపించలేదు. కొన్నిటికి మామూలు గాలే ఇచ్చి పిల్లల అరుపు వినిపించారు. మిగిలినవాటికి రెండూ. మొదటి రెండు గుంపులూ కొట్టానికి తిరిగి వెళ్ళి పిల్లలను నాకాయి, పాలిచ్చాయి. మూడో గుంపు పిల్లలన్నీ ఆకలితో అరుస్తుంటే వాటి తల్లులు తీరిగ్గా నిలబడి గడ్డి మేశాయి. వాటికి సీసాపాలు పట్టడానికి గంగులప్ప ఒక్కడి చేతులు చాలక శమంతకమణి కూడా కూర్చుంది. చేతిలోని పిల్ల గటగటా తాగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలియలేదు.

ఖయ్యూం నెమ్మదిగా అన్నాడు. "బీరువాలోంచి పట్టుచీర తీసి చూసినాక మళ్ళా మడిచి పెట్టాల గదా మేడమ్. జ్ఞాపకం గూడా అట్లాంటిదే అంటారు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని బయటికి తీసి, మళ్ళా మడిచి పెట్టుకుంటాది. మన వాయువు ఆ మడిచే చేతుల్ని కాసేపు పట్టుకుంటాండాది. ఆ లోపల చీర పోతాది."

"అంటే మనం దేన్ని చూస్తామో..."

"దాన్నే పోగొడతాండాం."

ఆమె మీద కూడా పరీక్ష జరగాలని శమంతకమణే పట్టుబట్టింది. కుముద తరగతి పిల్లల చేత ఒకే వాక్యం చదివించి ఖయ్యూం రికార్డు చేసుకొచ్చాడు. ఒక్కొక్కటే వినిపించాడు. ఆమె కళ్ళు మూసుకుని, అన్నీ విని, ఒక గొంతు దగ్గర ఆపమంది. కొంచెం బొంగురుగా, ముద్దుగా ఉంది ఆ గొంతు. ఇదే, సందేహం లేదు అనిపించింది. కళ్ళు తెరిచి అతని ముఖం చూసింది. అది కుముద గొంతు కాదని అతను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు తన మెదడు చిత్రాన్ని తెర మీద తెరిపించుకుని చూసింది. చెవి వెనకగా ఆ వెలుగు ఇంకా అలాగే ఉంది, గుండ్రంగా, పసుపుపచ్చగా. కూతురి గొంతును తల్లి చివరిసారి గుర్తుపట్టిన క్షణం అది. కుముద అన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఉగ్గాని చల్లారిపోవడం గుర్తుంది. తను నవ్వడం, ఎందుకు నవ్విందో కూడా గుర్తున్నాయి. ఆ మాటలను మనసులో చదువుకుంటే మాత్రం అవి ఎవరో అచ్చు వేసిన అక్షరాల్లా వస్తున్నాయి.

ఇంట్లో చెప్పాలని ప్రతి సాయంత్రమూ అనుకునేది. చెప్పలేకపోయేది. చెబితే అది నిజమైపోతుందన్న పిచ్చి భయం. ఆదివారం పొద్దున ఆమె వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తుంటే వీధిలో ఎవరో పిల్ల "అమ్మా" అని కెవ్వుమంది. ఎవరి పిల్లో పడినట్టుంది అనుకుంటూనే ఆమె ఇంకో బీరకాయ అందుకుంది. ముందు గదిలోంచి ఓబులేసు చెప్పులు లేకుండా పరిగెత్తడం వినిపించింది. ఆ పరుగు విన్నాక ఆమె చేతిలోని కాయ జారిపోయింది.

కుముద సైకిల్ మీంచి పడింది. మోకాలి చిప్ప దగ్గర చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. తండ్రి ఎత్తుకుని లోపలికి తెస్తుంటే గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు చూసింది. ఏడుపు ఆపి మరీ చూసింది.

"ఇంట్లోనే ఉండి రాలేదేమే?" అన్నాడు ఓబులేసు. కట్టు కట్టాక భార్యను పెరట్లోకి పిలిచి మళ్ళీ అదే అడిగాడు. అప్పుడు చెప్పింది శమంతకమణి, మొదటి నుంచీ.

అతను నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. "నీ మిషన్లో నువ్వే ఏంటికి పండుకుంటివి?"

"ఏం కాదనుకుంటి బావా."

"పోనీ, నా గొంతు పెట్టుకొనుంటే సరిపోయేది గదా. నన్ను మర్చిపోతే ఏమయ్యేది? మళ్ళా పరిచయం చేసుకుందుము." నవ్వించాలని అన్నాడో, నొచ్చుకుని అన్నాడో అతనికే తెలియనట్టుంది. ముఖం తుడుచుకుని, "పాపకి చెప్పాల. అది వేరే ఏందో అనుకుంటాది" అన్నాడు.

ఇద్దరూ కూర్చుని చెప్పారు. కుముద కట్టు కట్టిన కాలు చాపుకుని అంతా వింది.

"అయితే నేనెవరు నీకు?"

"నా కూతురివి."

"అది నీకు తెలుసు లేమ్మా. మాట్లాడతాంటే అట్ల అనిపిస్తాందా?"

అబద్ధం చెప్పడానికి శమంతకమణికి నోరు రాలేదు. ఆ ఆలస్యమే జవాబైంది. కుముద లేచి కుంటుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఆ పిల్ల తల్లి ముందు నోరు విప్పలేదు. తండ్రితో గుసగుసగా మాట్లాడేది. తల్లికి ఏదైనా చెప్పాలంటే తలతోనో చేతితోనో సైగ చేసేది. ఇందులో శమంతకమణిని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మాట లేకపోయేసరికి కుముద పూర్తిగా కుముదలా ఉంది. పొద్దున జడ వేస్తుంటే ఆ మెడ, ఆ చెవులు, అన్నీ కుముదవే. ఇలాగే ఉంటే బాగుండు అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు రోజంతా తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు. పిల్లను ప్రేమిస్తోందా, పిల్ల బొమ్మనా? ఏ తెర మీద చూసి తేల్చుకోవాలి దాన్ని?

కేంద్రంలో రోగుల పరీక్ష ఆపేయాలని ఇద్దరూ కలిసి పైవాళ్ళకు చెప్పారు. గొర్రెల సంగతి మనుషులకు వర్తించదేమో, ఇంకోసారి ఆలోచించండి అని వాళ్ళన్నారు. "నాకు వర్తించింది" అంది శమంతకమణి. దాంతో పరీక్ష ఆగిపోయింది.

లేజర్ యంత్రానికి ముసుగు వేస్తూ ఖయ్యూం ఆగాడు. "ఒక్కసారి అమ్మీని పండబెట్టి చూస్తే బాగుండని నాకు ఇప్పుడు గూడా అనిపిస్తాది మేడమ్. రోజూ మంచం కాడ కూర్చుని మాట్లాడతా. బజార్లో ఏం తెచ్చిందీ, పిల్లలు ఏం చేసిందీ, అన్నీ. వింటాందో లేదో తెలియదు. నా గొంతుకి ఒక్కసారి వెలుగు వస్తే చాలు, ఇంకేమీ అడగను."

"వస్తే..."

"అదే. వచ్చిందంటే నన్ను ఎరుగును అని తెలుస్తాది. తెలిసిన గడియలోనే ఎరగకుండా పోతాది." అద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. తుడిచినవాటినే మళ్ళీ తుడిచాడు. "వద్దు. వింటాందనుకుని మాట్లాడుకుంటా."

గోడ మీది పట్టీలోంచి తల్లి పేరును అతనే కొట్టేశాడు. శమంతకమణి కిటికీ వైపు తిరిగింది.

దసరా సెలవుల్లో ఒకరోజు కుముద తండ్రి చెవిలో ఏదో చెప్పింది. "ఆ గొర్రెని చూడాలంట" అన్నాడు ఓబులేసు. శమంతకమణి పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళింది.

తల్లి కాదన్న పిల్లలను మళ్ళీ దగ్గర చేయడానికి గొర్రెల వాళ్ళంతా చేసే పనే గంగులప్పా చేశాడు. చుక్కను, దాని పిల్లను ఇరుకు దొడ్లో పెట్టి, పాలిచ్చే వేళకు చుక్క తల కట్టేసేవాడు. ఇప్పుడు తాడు అవసరం రావడం లేదు. వీళ్ళు వెళ్ళేసరికి పిల్ల తోక ఆడిస్తూ పాలు కుడుస్తోంది. చుక్క ఎటో చూస్తూ నిలబడి ఉంది.

కుముద దడి మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళకు తల్లితో మాట్లాడింది. "తన పిల్లే అని దానికి తెలిసిందా?"

"లేదు. అరుపు వినిపిస్తే ఇప్పటికీ తల తిప్పదు."

"మరి తన్నలేదే?"

"మానేసింది."

"ఏంటికి?"

శమంతకమణి ఆలోచించింది. చదివిందంతా వెతుక్కుంది. "నాకు తెలీదు పాపా" అంది.

కుముద తల్లి వైపు తిరిగి చూసింది. అమ్మకు తెలియని సంగతి ఒకటి ఉందని ఆ పిల్ల మొదటిసారి వినడం కావచ్చు.

తిరుగు బస్సులో ఇద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలాక కుముద ఎదురు సీటు కడ్డీ పట్టుకుని, తల్లి వైపు చూడకుండానే, "నేను మాట్లాడతా ఉంటా. నువ్వు ఊరికే విను" అంది.

మొదలుపెట్టింది. లెక్కల సారు బల్ల మీద నిద్రపోతే లీడరు ఏం చేసిందీ, తన పక్కన కూర్చునే అమ్మాయి చింతకాయలకు కారం పొడి ఎక్కడి నుంచి తెస్తుందీ, ఖోఖో ఆటలో తనను అన్యాయంగా అవుటని ఎలా పంపించారో. శమంతకమణికి మొదట్లో ఎప్పటిలాగే ఉంది. ఎవరో పిల్ల పక్కన కూర్చుని వాగుతున్నట్టుంది. తర్వాత ఒక్కొక్కటే చెవిన పడసాగింది. ఉత్సాహం వస్తే ఈ గొంతు మాట చివర పైకి లేస్తుంది. కోపం వస్తే సన్నబడుతుంది. నవ్వు ఆపుకోవడానికి మధ్యలో ఒక చిన్న గుటక వేస్తుంది. ఇవన్నీ ఇంతకు ముందూ ఉండేవా? ఉండే ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు కదా. అందులో ఒక్కటీ తన దగ్గర లేదు. ఇవాళ విన్నవే ఉన్నాయి.

రాప్తాడు దాటాక ఊరి లైట్లు మొదలయ్యాయి. జాతర బండ్లకు దారి ఇవ్వడానికి బస్సు నెమ్మదించింది. లెక్కల సారు కథ రెండోసారి మొదలుపెట్టిన కుముద మధ్యలో మాట ఆపేసి కిటికీలోంచి బయటికి చూడసాగింది. మాట్లాడి మాట్లాడి అలసిపోయినట్టుంది. దీపాల వెలుగులో ఆ ముఖం కళ్ళకు ఇంపుగా ఉంది. మాట లేని కుముద, సందేహమే లేని కుముద. ఇన్ని రోజులూ శమంతకమణి కోరుకున్నది ఇదే.

ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. బస్సు హారన్, కండక్టరు కేకలు, వెనక సీట్లో ఎవరిదో దగ్గు, అన్నీ వినిపిస్తున్నాయి. వాటి మధ్య ఏదో తక్కువైంది. ఆమె పిల్ల వైపు కాస్త జరిగింది.

"ఊఁ, తర్వాత?" అంది. "సారు లేచి ఏమన్నాడు?"